సంచార టర్కీ వేటలో దీమపు బొమ్మలు – అవగాహన

నేపథ్యం

ఒక జంతువును లేదా పక్షిని దగ్గరకు రప్పించడానికి అదే జాతి జీవిని గానీ, దాని రూపంలో ఉన్న బొమ్మను గానీ ఎదుట నిలపడాన్ని దీమం పెట్టడం అంటారు. వేట పరిభాషలో దీనికి డెకాయ్ అనే పేరు స్థిరపడింది. ఉత్తర అమెరికాలో ఈ విద్య అతి ప్రాచీనం. నెవాడా రాష్ట్రంలోని లవ్‌లాక్ గుహలో 1924లో జరిపిన తవ్వకాల్లో రెల్లుతో అల్లిన 11 బాతు బొమ్మలు లభించాయి. అవి సుమారు 2,000 సంవత్సరాల నాటివి.

అడవి టర్కీ వేటలో మాత్రం చాలాకాలం కూతదే ప్రధాన స్థానం. వేటగాడు పెట్ట గొంతును అనుకరించి పుంజును పిలిచేవాడు. చెక్కపెట్టె మీద మూత రాపిడితో కూత పుట్టించే బాక్స్ కాల్‌కు 1897లో ఆర్కాన్సాకు చెందిన హెన్రీ గిబ్సన్ పేటెంట్ పొందాడు. నోటిలో అంగిలికి ఆనించి ఊదే డయాఫ్రమ్ కాల్‌కు 1921లో పేటెంట్ లభించింది. ఈ వేటపై తొలి ప్రామాణిక గ్రంథాల్లో ఒకటైన ‘ద వైల్డ్ టర్కీ అండ్ ఇట్స్ హంటింగ్’ను ఎడ్వర్డ్ మెకిల్‌హెన్నీ 1914లో ప్రచురించాడు. మడిచి వీపు సంచిలో పెట్టుకోగల తేలికపాటి ఫోమ్ బొమ్మలు 20వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో వ్యాప్తిలోకి వచ్చాయి. కదులుతూ వేటాడే సంచార వేటగాళ్లు దీమం వెంట తీసుకెళ్లడం వాటితోనే సులభమైంది.

పక్షి పరిచయం – వర్గీకరణ

అడవి టర్కీ శాస్త్రీయ నామం మెలియాగ్రిస్ గాలోపావో. 1758లో లిన్నేయస్ ఈ పేరు పెట్టాడు. క్రమం గాలిఫార్మిస్, కుటుంబం ఫాసియానిడే. మన కోడి, నెమలి, కౌజు ఇదే కుటుంబానికి చెందుతాయి. మెలియాగ్రిస్ ప్రజాతిలో జీవించి ఉన్న జాతులు రెండే. రెండోది కంటి ఆకారపు చుక్కలు తోకపై గల ఓసిలేటెడ్ టర్కీ. ఇది మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం, గ్వాటెమాలా ఉత్తర భాగం, బెలీజ్‌లకే పరిమితం.

అడవి టర్కీకి ఆరు ఉపజాతులను గుర్తించారు. ఈస్టర్న్ ఉపజాతి అమెరికా తూర్పు సగంలో ఉంటుంది, సంఖ్యలో ఇదే మొదటిది. ఆసియోలా ఫ్లోరిడా ద్వీపకల్పంలో మాత్రమే ఉంటుంది, సెమినోల్ తెగ నాయకుడి పేరు దీనికి 1890లో పెట్టారు. రియో గ్రాండే టెక్సస్, ఓక్లహోమా, కాన్సస్ మైదానాలకు చెందినది. మెరియమ్స్ పశ్చిమ పర్వతాల పైన్ అడవుల్లోనూ, గూల్డ్స్ ఉత్తర మెక్సికోతో పాటు అరిజోనా, న్యూ మెక్సికో సరిహద్దుల్లోనూ కనిపిస్తాయి. ఆరోది దక్షిణ మెక్సికో ఉపజాతి. ప్రపంచమంతా నేడు పెంచుతున్న పెంపుడు టర్కీలకు ఇదే పూర్వజం. తోక ఈకల చివరి అంచు రంగు ఉపజాతులను వేరుచేసే ప్రధాన లక్షణం: ఈస్టర్న్‌కు ముదురు గోధుమ, రియో గ్రాండేకు లేత పసుపు గోధుమ, మెరియమ్స్‌కు వెన్న రంగు కలిసిన తెలుపు, గూల్డ్స్‌కు స్వచ్ఛమైన తెలుపు. ఈస్టర్న్, ఆసియోలా, రియో గ్రాండే, మెరియమ్స్ నాలుగింటినీ వేటాడిన వ్యక్తి గ్రాండ్ స్లామ్ సాధించినట్లు లెక్క.

పెద్ద పుంజు బరువు 7 నుంచి 11 కిలోలు, పెట్ట బరువు 3.5 నుంచి 5 కిలోలు ఉంటుంది. పుంజు రొమ్ము నుంచి గడ్డం లాంటి ముతక ఈకల కుచ్చు వేలాడుతుంది. కాళ్లకు ముళ్లు ఉంటాయి. బోడితల ఉద్రేకాన్ని బట్టి ఎరుపు, తెలుపు, నీలం రంగులకు మారుతుంది. ఏడాది వయసున్న కుర్ర పుంజును జేక్ అంటారు. దాన్ని గుర్తించే సూచిక తోకలోనే ఉంది. పురి విప్పినప్పుడు మధ్య ఈకలు పక్కవాటి కంటే పొడవుగా పైకి పొడుచుకు వస్తే జేక్, అంచు అంతా ఒకే ఎత్తులో ఉంటే పెద్ద పుంజు. దీమపు బొమ్మల తయారీలోనూ ఈ తేడానే పాటిస్తారు కాబట్టి పరీక్షలకు సిద్ధమవుతున్న అభ్యర్థులు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

క్షీణత – పునరుద్ధరణ

విచ్చలవిడి వేట, అడవుల నరికివేత కారణంగా కనెక్టికట్‌లో అడవి టర్కీ 1813 నాటికే అంతరించింది. 1920 నాటికి ఈ పక్షి సహజంగా జీవించిన 39 రాష్ట్రాల్లో 18 రాష్ట్రాల నుంచి పూర్తిగా మాయమైంది. 1937 సెప్టెంబర్ 2న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకంతో పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. దీని ప్రకారం పొడవు తుపాకులు, తూటాలపై 11 శాతం ఎక్సైజ్ పన్ను విధించి, ఆ సొమ్మును వన్యప్రాణి పునరుద్ధరణకే కేటాయిస్తారు. ఆమోదించిన పనుల ఖర్చులో ఫెడరల్ వాటా 75 శాతం వరకు, రాష్ట్ర వాటా 25 శాతం.

ఫారాల్లో పెంచిన టర్కీలను అడవిలో వదిలే ప్రయత్నాలు విఫలమయ్యాయి. తల్లి వెంట తిరిగి శత్రువును గుర్తించడం నేర్వని పక్షులు బతకలేకపోయాయి. 1950ల్లో ఫిరంగి వల వాడకంలోకి వచ్చాక పరిస్థితి మారింది. మందుగుండును పేల్చి మందపై వలను విసిరి, అడవి పక్షులనే పట్టి, అవి లేని చోట్లకు తరలించారు. 1973లో నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ ఏర్పడే నాటికి సంఖ్య సుమారు 13 లక్షలు. ప్రస్తుతం ఇది 60 లక్షలకు పైనే ఉంది. అలాస్కా మినహా 49 రాష్ట్రాల్లో టర్కీలు ఉన్నాయి. హవాయిలో ఉన్నవి మనిషి ప్రవేశపెట్టినవి.

టర్కీ వలస పక్షి కాదు. అందువల్ల 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం దీనికి వర్తించదు. వేట కాలం, పరిమితి, దీమం వాడకం వంటి నియమాలను ప్రతి రాష్ట్రం సొంతంగా నిర్ణయిస్తుంది.

దీమం ఎందుకు పనిచేస్తుంది – ప్రవర్తనా శాస్త్ర ఆధారం

ఈ పాఠంలో అత్యంత ముఖ్యమైన విభాగం ఇదే. అమరిక సూత్రాలన్నీ దీని నుంచే పుడతాయి. వాటిని విడిగా బట్టీపట్టడం కంటే ఈ భాగాన్ని అర్థం చేసుకోవడం మేలు.

ఒక జీవి ఎదుటి జీవిని మొత్తంగా చూసి స్పందించదు. ఒకటి రెండు నిర్దిష్ట లక్షణాలు కనిపిస్తే చాలు, సహజాత ప్రవర్తన మొదలవుతుంది. అటువంటి లక్షణాన్ని సంకేత ఉద్దీపన అంటారు. ఈ భావనను నికో టిన్‌బెర్గెన్ 1951లో వెలువడిన ‘ద స్టడీ ఆఫ్ ఇన్‌స్టింక్ట్’ గ్రంథంలో విపులీకరించాడు. ఆయనకు కొన్‌రాడ్ లోరెంజ్, కార్ల్ ఫాన్ ఫ్రిష్‌లతో కలిపి 1973లో నోబెల్ బహుమతి లభించింది.

టర్కీల విషయంలో ఆ సంకేతం ఏది? పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ షీన్, ఎడ్గర్ హేల్ 1950ల్లో చేసిన ప్రయోగాలు దీనికి సమాధానం ఇచ్చాయి. పెంపుడు టర్కీ పుంజుల ముందు పెట్ట నమూనాను ఉంచి, దాని భాగాలను ఒక్కొక్కటిగా తొలగిస్తూ వచ్చారు. రెక్కలు, కాళ్లు, తోక తీసేసినా పుంజు పురి విప్పడం మానలేదు. చివరకు కర్రకు గుచ్చిన తల ఒక్కటే మిగిలినా ప్రణయ ప్రదర్శన కొనసాగింది. తల లేని మొండెం పట్ల ఆసక్తి చాలా తక్కువ. పుంజును ఆకర్షించేదీ, ఏ దిక్కున నిలబడాలో దానికి చెప్పేదీ తలే అని దీని సారాంశం.

దీన్ని బట్టి సంచార వేటకు ఒక నిర్ణయం చేయవచ్చు. అసలు పక్షి పరిమాణంలో, నిజమైన ఈకలు అతికించిన బరువైన బొమ్మ మోయడం అనివార్యం కాదు. తల రూపం, రంగు, ఎత్తు, అది చూసే దిక్కు సరిగ్గా ఉంటే మడత పడే తేలిక బొమ్మ కూడా పని చేస్తుంది. తల రంగు వెలిసిపోయిన ఖరీదైన బొమ్మ కంటే తల చక్కగా ఉన్న చవక బొమ్మ మేలు.

రెండో ఆధారం మందలోని అంతస్తు. కోళ్లలో పొడుచుకునే వరుస క్రమాన్ని నార్వే శాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డెరప్–ఎబ్బే 1921లో వివరించాడు. టర్కీల్లో ఇది మరింత కఠినం. పైస్థాయి పుంజుకే జతకట్టే అవకాశం ఎక్కువ. కింది పుంజు తన ప్రాంతంలో పెట్ట పక్కన నిలబడితే పైపుంజు సహించదు. జేక్ బొమ్మపై పెద్ద పుంజు విరుచుకుపడటానికి కారణం ఇదే.

అన్నదమ్ములైన పుంజులు జట్టుగా తిరుగుతాయి. వాటిలో ఒక్కటే జతకడుతుంది, మిగిలినవి దాని పక్కన పురి విప్పి సాయపడతాయి. కాలిఫోర్నియాలోని హేస్టింగ్స్ అభయారణ్యంలో అధ్యయనం చేసిన అలన్ క్రాకౌర్ 2005లో ‘నేచర్’ పత్రికలో దీన్ని నిరూపించాడు. సాయపడే సోదరుడికి సొంత సంతానం లేకపోయినా, ఉమ్మడి జన్యువులు తరువాతి తరానికి అందుతాయి. 1964లో డబ్ల్యూ.డి. హామిల్టన్ ప్రతిపాదించిన బంధు వరణ సూత్రానికి ఇది చక్కటి ఉదాహరణ. పరీక్షల్లో హామిల్టన్ సూత్రానికి తేనెటీగలనే ఉదాహరణగా రాయడం అలవాటు. టర్కీ సోదరుల ఉదాహరణ రాసిన జవాబు ప్రత్యేకంగా నిలుస్తుంది.

మూడోది అభ్యర్థులు తరచు విస్మరించే అంశం. ప్రకృతిలో పుంజు పెట్ట దగ్గరకు నడిచిరాదు. పుంజు కూస్తుంది, పురి విప్పి నిలబడుతుంది, పెట్టే దాని దగ్గరకు వెళుతుంది. వేటగాడు ఈ క్రమాన్ని తలకిందులు చేయాలని చూస్తాడు. అందుకే పెట్ట బొమ్మను దూరం నుంచే చూసిన పుంజు 60, 70 గజాల దగ్గర ఆగిపోయి, అక్కడే పురి విప్పి బొమ్మ తన వైపు నడిచి వస్తుందని ఎదురుచూస్తుంది. బొమ్మ కదలదు. కొంతసేపటికి పుంజు వెళ్లిపోతుంది. దీమం వల్ల వేట చెడిపోయిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఈ కోవకు చెందినవే.

సంచార వేట – నిర్వచనం, క్రమం

ఒకే చోట గుడారంలో గంటల తరబడి కూర్చోవడం స్థిర వేట. నడుస్తూ, ఆగుతూ, కూత పెట్టి జవాబు వినిపించిన దిక్కుకు చేరి, కూర్చుని పిలిచి, ఫలితం లేకపోతే మరో చోటికి కదలడం సంచార వేట. అమెరికా వేటగాళ్లు దీన్ని రన్ అండ్ గన్ అంటారు. విశాలమైన ప్రభుత్వ అడవుల్లో, పక్షులు ఎక్కడున్నాయో ముందుగా తెలియని చోట ఇది అనుకూలం.

టర్కీ రాత్రి చెట్టెక్కి నిద్రిస్తుంది. తెల్లవారుజామున పుంజు కొమ్మ మీద నుంచే గాబుల్ అనే కూత వేస్తుంది. ఆ సమయంలో వేటగాడు గుడ్లగూబ లేదా కాకి కూతను అనుకరిస్తాడు. ఉలిక్కిపడిన పుంజు అసంకల్పితంగా జవాబిచ్చి తన స్థానం బయటపెట్టుకుంటుంది. చప్పుడు లేకుండా, మిట్టల చాటున, అడవిలోనైతే 100 నుంచి 150 గజాల దూరం వరకు చేరాలి. అంతకన్నా దగ్గరకు వెళితే పక్షి కనిపెట్టే ప్రమాదం ఎక్కువ. టర్కీ కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో చూపు విస్తృతి సుమారు 270 డిగ్రీలు. రంగులు గుర్తించగలదు. వాసన పసిగట్టే శక్తి మాత్రం బలహీనం. జింక వేటలో గాలి దిక్కుకు ఉండే ప్రాధాన్యం ఇక్కడ లేదు, కదలికకే ఉంది.

దీమం పెట్టాలా వద్దా అన్న నిర్ణయం ఈ దశలోనే జరగాలి. కూత 100 గజాల లోపు వినిపించి, మధ్యలో చాటు లేకపోతే బొమ్మ తీయరాదు. ముందుకు వెళ్లి పుల్ల గుచ్చి వెనక్కి వచ్చే ఆ అర నిమిషం కదలికే వేటను చెడగొడుతుంది. పుంజు ఇంకా దూరంగా ఉందని తెలిసినప్పుడు, మధ్యలో మిట్ట గానీ దట్టమైన పొద గానీ ఉన్నప్పుడు మాత్రమే బొమ్మ నిలపాలి.

దీమపు బొమ్మల వర్గీకరణ

పదార్థాన్ని బట్టి నాలుగు రకాలు. గట్టి ప్లాస్టిక్ బొమ్మ అచ్చం పక్షిలా ఉంటుంది, కానీ బరువు, చోటు, చప్పుడు ఎక్కువ. గాలి ఊదేది తేలిక, నాణ్యమైన వాటిలో రూపం కూడా బాగుంటుంది, పంక్చర్ దాని లోపం. మడత ఫోమ్ బొమ్మ చవక, తేలిక, నిశ్శబ్దం. చలిలో చాలాసేపు మడిచి ఉంచితే ముడతలు పోవు. అట్ట లేదా గుడ్డపై ఫొటో ముద్రించిన పలక రకం అన్నింటిలోకి తేలిక, అయితే అంచు వైపు నుంచి చూస్తే గీతలా కనబడి మాయమవుతుంది. సంచార వేటకు చివరి మూడూ తగినవి. వీటిలో గాలి ఊదే రకమే సమతూకమైనది.

లింగం, భంగిమలను బట్టి చేసే వర్గీకరణ ఇంకా ముఖ్యం. పెట్ట బొమ్మల్లో మూడు భంగిమలు ఉన్నాయి: మెడ వంచి మేస్తున్నది, తల పైకెత్తి చూస్తున్నది, జతకు సిద్ధపడి నేలకు ఒదిగినది. మెడ నిటారుగా సాచి బిగుసుకున్న భంగిమ అడవి టర్కీలకు ప్రమాద సూచన. కాబట్టి తల ఎత్తిన బొమ్మ ఒక్కదాన్నే పెట్టడం కంటే మేస్తున్న బొమ్మ పెట్టడం క్షేమం. మగ బొమ్మల్లో జేక్ ఒకటి, పూర్తిగా పురి విప్పిన పెద్ద పుంజు రెండోది. పెద్ద పుంజు బొమ్మను చూస్తే ఆ ప్రాంతపు పైపుంజు పోట్లాటకు వస్తుంది, కిందిస్థాయి పుంజులు బెదిరి దూరంగా జరుగుతాయి. జేక్ బొమ్మ ఎవరినీ బెదిరించదు, అందరికీ కోపం తెప్పిస్తుంది. ఒకే మగ బొమ్మ మోయగల వేటగాడికి జేకే సరైన ఎంపిక.

ఋతువు – బొమ్మ ఎంపిక

పగటి కాలం పెరగడంతో వసంతంలో సంతానోత్పత్తి మొదలవుతుంది. తొలి రోజుల్లో పుంజుల మధ్య అంతస్తు పోరు సాగుతుంటుంది కాబట్టి జేక్, పెట్ట జంట పనిచేస్తుంది. నడి కాలంలో పుంజు చుట్టూ పెట్టలు ఉంటాయి. అప్పుడు ఏ బొమ్మకూ పెద్ద ఫలితం ఉండదు. పెట్ట 10 నుంచి 12 గుడ్లు పెట్టి 28 రోజులు పొదుగుతుంది. పెట్టలు గూళ్లకు చేరాక పుంజు ఒంటరవుతుంది, కూతలు మళ్లీ పెరుగుతాయి. ఈ చివరి దశలో ఒంటరి పెట్ట బొమ్మ చాలు. వారాల తరబడి బొమ్మలను చూసి, తోటి పక్షులు కూలడం ఎరిగిన పుంజులు చివరి వారాల్లో దీమం చూడగానే మళ్లుకోవడం కూడా కద్దు. ఈ నేర్చుకున్న భయాన్ని అనుభవజన్య విముఖత అనాలి తప్ప, అలవాటు పడటం అనరాదు. రెండూ వేర్వేరు పారిభాషిక పదాలు.

అమరిక నియమాలు

దూరం: షాట్‌గన్ వాడేవారు బొమ్మను 15 నుంచి 20 గజాల దూరంలో నిలుపుతారు. గజం అంటే 0.914 మీటర్లు. సాధారణ సీసపు గుళ్లకు 40 గజాలను సంప్రదాయ పరిమితిగా పాటిస్తారు. పుంజు బొమ్మకు అవతల 15 గజాల దూరంలో ఆగిపోయినా అది 35 గజాల లోపే ఉంటుంది. దీమం ఈ విధంగా దూరం కొలిచే గుర్తుగా కూడా ఉపయోగపడుతుంది. విల్లు వాడేవారికి 5 నుంచి 10 గజాలు చాలు.

దిక్కు: పుంజు మగ బొమ్మను ముఖాముఖి ఎదుర్కొంటుంది. అందుకే జేక్ లేదా పురి విప్పిన పుంజు బొమ్మ ముఖం వేటగాడి వైపు ఉండాలి. అప్పుడు వచ్చిన పుంజు బొమ్మకు, వేటగాడికి మధ్యలోకి చేరి, వేటగాడికి వీపు చూపుతుంది. పురి విప్పితే దాని సొంత తోకే దాని చూపుకు అడ్డమవుతుంది. పెట్ట బొమ్మ విషయంలో క్రమం వేరు. పుంజు దాన్ని వెనుక నుంచి చేరుతుంది. కనుక పెట్ట ముఖం అవతలికి లేదా పక్కకు తిప్పాలి. ఈ రెండింటినీ తారుమారు చేసి అడగడం ప్రశ్నపత్రం తయారీదారులకు సులువు. జాగ్రత్త వహించాలి.

చోటు: బొమ్మ, వేటగాడు, పుంజు ఒకే గీత మీద ఉండరాదు. ఆ గీత మీద ఉంటే బొమ్మను చూస్తున్న పుంజు కళ్లు వేటగాడి మీద కూడా పడతాయి. కుడిచేతి వాటం గలవారు బొమ్మను కొద్దిగా ఎడమకు ఉంచడం తుపాకి తిప్పడానికి సౌకర్యం. పుంజు దూరంగానే ఆగిపోయే సమస్యకు పరిష్కారం కూడా చోటులోనే ఉంది. బొమ్మను మైదానం నడిబొడ్డున అందరికీ కనపడేలా పెట్టడం కన్నా, బాట మలుపు తిరిగాక, మిట్ట ఎక్కాక, తుపాకి పరిధిలోకి వచ్చాక మాత్రమే కనిపించేలా పెట్టాలి. పచ్చిక మైదానాల అంచుల్లో, పాత బండిబాటల మీద దీమం ఎక్కువ ఉపయోగపడుతుంది. చిక్కటి అడవిలో పుంజు కూసిన పెట్టను వెతుక్కుంటూ రావాలంటే అసలు బొమ్మే లేకపోవడం మంచిది. వెతుకులాటే దాన్ని నడిపిస్తుంది.

కదలిక: పుల్ల మీద బొమ్మ గాలికి కొద్దిగా ఊగడం సహజంగా కనిపిస్తుంది. గిర్రున తిరిగితే పక్షి పారిపోతుంది. తోకకు రెండు వైపులా చెరొక పుల్ల గుచ్చితే ఊగుడు పరిమితమవుతుంది. మంచు పడి ప్లాస్టిక్ మెరుస్తుంటే తుడవాలి.

భద్రత

అమెరికా రాష్ట్రాల్లో వేట లైసెన్స్‌కు ముందు ఉత్తీర్ణత సాధించాల్సిన హంటర్ ఎడ్యుకేషన్ పరీక్షల్లో తుపాకి భద్రత ప్రధానాంశం. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న లేదా ఆ తరువాత పుట్టినవారందరికీ ఈ శిక్షణ తప్పనిసరి. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో స్థిరపడి వేటపై ఆసక్తి పెంచుకున్న తెలుగువారికీ ఇది వర్తిస్తుంది.

పుంజును మోసగించే బొమ్మ మరో వేటగాడినీ మోసగిస్తుంది. ఆకుల రంగు దుస్తుల్లో, మొహానికి ముసుగుతో, పెట్టలా కూస్తూ ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఎదుట పక్షి బొమ్మ ఉంటుంది. అడవికి అవతలి నుంచి మరొక సాయుధుడు అదే కూత విని వస్తుంటాడు. సంచార వేటలో వేటగాడు రోజుకు అనేక చోట్లకు మారుతాడు కాబట్టి ఈ ముప్పు స్థిర వేట కంటే ఎక్కువ.

కూర్చున్నప్పుడు భుజాల కంటే వెడల్పైన చెట్టు మొదలును వీపుకు ఆనించాలి. వెనుక నుంచి వచ్చే గుళ్లకు అది అడ్డు. ముందు వైపు బొమ్మ అవతల ఎవరు వస్తున్నా దూరం నుంచే కనిపించే ఖాళీ ఉండాలి. మనిషి కనిపిస్తే చెయ్యి ఊపరాదు, లేవరాదు, టర్కీ కూత వేయరాదు. బిగ్గరగా మనిషి గొంతుతో పిలవాలి. పుంజు తల రంగులైన ఎరుపు, తెలుపు, నీలం దుస్తుల్లో ఎక్కడా, చివరకు మేజోళ్లలో గానీ చేతిరుమాలులో గానీ ఉండరాదు. ఒక చోటి నుంచి మరో చోటికి కదిలేటప్పుడు బొమ్మ పూర్తిగా సంచిలో ఉండాలి. తల గానీ తోక గానీ బయటకు కనిపించరాదు. నారింజ రంగు పట్టీ కట్టుకుని నడవడం మంచిది. చనిపోయిన పక్షిని భుజాన వేసుకుని వచ్చేటప్పుడూ ఇదే నియమం. టర్కీ కూత విన్నచోటికి పొంచి వెళ్లరాదు. అక్కడ ఉన్నది పక్షి కాకపోవచ్చు.

పురి చాటు వేట – ప్రత్యేక ప్రస్తావన

విప్పిన తోకను గానీ పుంజు బొమ్మను గానీ ముఖానికి అడ్డుపెట్టుకుని, నేల మీద పాకుతూ పుంజు వైపు వెళ్లే పద్ధతిని ఫ్యానింగ్ లేదా రీపింగ్ అంటారు. ఇక్కడ దీమం నేలకు గుచ్చినది కాదు, మనిషే దీమంగా మారతాడు. పైపుంజు సవాలుగా భావించి పరుగున మీదకు వస్తుంది. మైదాన ప్రాంతాల్లో ఇది అతి ఫలప్రదం. అయితే ఇతరుల కంటికి ఆ మనిషి అచ్చం పుంజులా కనిపిస్తాడు. ప్రభుత్వ భూముల్లో దీన్ని నిషేధించిన రాష్ట్రాలు ఉన్నాయి. ఆ నిషేధం పూర్తిగా సబబే. ఒక పక్షి కోసం ప్రాణం పణంగా పెట్టే పద్ధతిని నైపుణ్యంగా పరిగణించలేం.

చట్టపరమైన పరిమితులు

వసంత కాలంలో సాధారణంగా గడ్డం కుచ్చు ఉన్న పక్షిని మాత్రమే కాల్చాలి. సంతానానికి మూలమైన పెట్టలను కాపాడటం దీని ఉద్దేశం. వేళ సూర్యోదయానికి అరగంట ముందు మొదలవుతుంది. కొన్ని రాష్ట్రాల్లో మధ్యాహ్నానికే ముగుస్తుంది. గింజలు చల్లి రప్పించడం, రికార్డు చేసిన కూతలు వినిపించడం చాలా రాష్ట్రాల్లో నేరం. బ్యాటరీతో కదిలే బొమ్మలపై నియమాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. పెన్సిల్వేనియాలో వసంత వేట కూతతో పిలిచి చేయవలసిందే, పొంచి వెళ్లడం నిషిద్ధం. అలబామా 2022 వసంతం నుంచి వేట కాలపు మొదటి 10 రోజులు దీమం వాడకాన్ని నిషేధించింది. జతకట్టే కాలం ఆరంభంలోనే పైస్థాయి పుంజులు ఎక్కువగా కూలితే పునరుత్పత్తి దెబ్బతింటుందన్న ఆందోళన ఇటువంటి నిర్ణయాల వెనుక ఉంది. దీమం ఎంత సమర్థ సాధనమో చెప్పడానికి ఈ ఒక్క నిబంధన చాలు.

భారత సందర్భం

భారతదేశంలో అడవి టర్కీ లేదు. మెక్సికోలో మచ్చికైన పక్షి 16వ శతాబ్దిలో స్పెయిన్ వారి ద్వారా ఐరోపా చేరింది. తన ఆస్థానికుడు ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన టర్కీని చూసి మొఘల్ చక్రవర్తి జహంగీర్ అబ్బురపడ్డాడు. ఆయన ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ సుమారు 1612లో దాన్ని చిత్రించాడు. ఈ చిత్రం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. చరిత్ర, పర్యావరణం రెండు విభాగాలకూ ఈ అంశం పనికొస్తుంది.

తెలుగు నేల మీద పంజరంలోని కౌజును దీమంగా ఉంచి, దాని కూతకు వచ్చిన అడవి కౌజులను ఉచ్చుల్లో పట్టే పద్ధతి పాతది. వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972లోని 2(16) సెక్షన్ ప్రకారం కాల్చడం ఒక్కటే వేట కాదు. పట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర పెట్టడం, వాటికి ప్రయత్నించడం కూడా వేటే. 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. 2022 సవరణ షెడ్యూళ్లను ఆరు నుంచి నాలుగుకు కుదించింది. ఈ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అమెరికా నమూనాలో నియంత్రిత వేట నుంచే సంరక్షణకు నిధులు వస్తాయి. భారత నమూనాలో నిషేధమే సంరక్షణకు ఆధారం. రెండు నమూనాలనూ పోల్చమని అడిగితే పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం సంవత్సరం 1937, పన్ను 11 శాతం, వాటాలు 75:25 అన్న మూడు అంకెలను జవాబు మొదటి పేరాలోనే రాయాలి.